పంపు మార్చినా ఎండపూట ఆగిపోతున్న పాత ఎంపీఎఫ్ఐ కారు: కరెంటు లోపాన్ని ఎక్కడ వెతకాలి?

కాకతీయ చోదకుడు (హనుమకొండ)

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో 2004 నాటి ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటరుకు బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే పద్ధతి) పెట్రోల్ కారు ఉంది. ఏపీ 36 నంబరుతోనే ఇప్పటికీ నడుస్తోంది. నాన్నగారు కొన్న బండి కాబట్టి దాన్ని వదులుకోవడం మాకు ఇష్టం లేదు. ఉదయం పూట ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. ఎండ ముదిరాక అరగంట నడిపితే మాత్రం పికప్ తగ్గి, రెండు మూడు కుదుపులు ఇచ్చి ఆగిపోతుంది. నీడలో కొంతసేపు నిలిపితే ఏమీ జరగనట్టు మళ్లీ కదులుతుంది.

ఇక్కడి మెకానిక్ గారు పెట్రోల్ పంపును, ఫిల్టరును కొత్తవి వేశారు. అయినా మార్పు లేదు. ఫ్యూజు కాలలేదు. పంపు కప్లర్‌ను (వైర్లను కలిపే ప్లగ్గును) ఊడదీసి మల్టీమీటరుతో చూస్తే 12.4 వోల్టులు వచ్చాయి కాబట్టి వైరింగ్ బాగానే ఉందని, ఇక ఈసీయూ (ఇంజనును నియంత్రించే కంప్యూటరు) మార్చాలని అంటున్నారు. అది చాలా ఖర్చుతో కూడిన పని. అంత డబ్బు పెట్టే ముందు చూడవలసినవి ఇంకేమైనా ఉన్నాయా? ఈ బండిలో పెట్రోల్ ముల్లు కూడా చాలాకాలంగా సరిగా చూపడం లేదు. దానికీ దీనికీ సంబంధం లేదనే అనుకుంటున్నాను.

పరకాల మెకానిక్

ఈసీయూ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందుగా ఒక్క విషయం గమనించి చెప్పండి. ఎంపీఎఫ్ఐ బండిలో కీ ఆన్ చేయగానే, ఇంకా సెల్ఫ్ కొట్టకముందే, ఈసీయూ పంపును రెండు మూడు సెకన్లు తిప్పి ఆపేస్తుంది. ఆ సమయంలో వెనుక సీటు కింద సన్నటి శబ్దం వినిపిస్తుంది. ఆ తర్వాత ఇంజను తిరుగుతున్నట్టు క్రాంక్ సెన్సార్ నుంచి సంకేతం వస్తేనే పంపుకు మళ్లీ కరెంటు వదులుతుంది. కొన్ని బండ్లలో ఈ సంకేతం డిస్ట్రిబ్యూటరులో ఉండే సెన్సార్ నుంచి వస్తుంది.

నడుస్తున్న బండి ఆగినప్పుడు పంపు మూగబోయిందంటే తప్పు పంపుదేనని చాలామంది తీర్మానిస్తారు. అయితే వేడికి క్రాంక్ సెన్సార్ పనిచేయకపోయినా ఈసీయూ పంపును ఆపేస్తుంది. అప్పుడు పంపు ఆగడం ఫలితమే గాని కారణం కాదు. రెంటినీ విడదీసే మార్గం ఆ మొదటి రెండు సెకన్లలోనే ఉంది. బండి ఆగిన వెంటనే కీ ఆఫ్ చేసి, కాసేపు ఆగి మళ్లీ ఆన్ చేయండి. పంపు శబ్దం మామూలుగా వినిపించి, సెల్ఫ్ తిరుగుతున్నా బండి అందుకోకపోతే సెన్సార్ వైపు చూడాలి. ఆ శబ్దమే రాకపోయినా, నీరసంగా వచ్చినా పంపు, దాని రిలే (పంపుకు కరెంటు కలిపే, తెంచే చిన్న స్విచ్), వైరింగ్, ఎర్త్ (కరెంటు తిరిగి వెళ్లే దారి) వీటిలోనే లోపం ఉంటుంది. బండి చల్లారాక చేసే పరీక్ష దేనికీ పనికిరాదు. ఆగిన ఆ నిమిషంలోనే చేయాలి.

మంచిర్యాల పాతకారు

మా బండికి ఇటువంటి కష్టమే వచ్చినప్పుడు మెకానిక్ రిలేను తప్పించి, కీ స్విచ్ దగ్గర నుంచి పంపుకు డైరెక్ట్ వైరు లాగారు. అప్పటి నుంచి ఆగలేదు. ఖర్చు కూడా చాలా తక్కువ. ఇది ఆలోచించదగిన మార్గం అనుకుంటున్నాను.

రామగుండం ఎలక్ట్రికల్

మంచిర్యాల అన్న గారి మాటను గౌరవిస్తూనే, ఆ పని ఎవరూ చేయవద్దని గట్టిగా కోరుతున్నాను. ఇంజను ఆగితే పంపు కూడా ఆగాలన్నది ప్రాణరక్షణ కోసం పెట్టిన ఏర్పాటు. ప్రమాదంలో బండి తిరగబడి పెట్రోల్ గొట్టం తెగిందనుకోండి, ఇంజను ఆగిపోయినా డైరెక్ట్ వైరు మీద ఉన్న పంపు మాత్రం కీ ఆన్‌లో ఉన్నంతసేపూ పెట్రోల్‌ను చిమ్ముతూనే ఉంటుంది. పైగా ఆ వైరులో సరైన ఫ్యూజు లేకపోతే, అది ఎక్కడైనా రాపిడికి బాడీని తాకినప్పుడు వైరంతా కాలుతుంది. కార్బ్యురేటర్ కాలపు మారుతి 800లోనూ, ప్రీమియర్ పద్మినిలోనూ పంపు ఇంజనుకే బిగించి ఉండి దానితోనే తిరిగేది కాబట్టి ఈ భయం లేదు. ఎంపీఎఫ్ఐ బండిలో పంపు ట్యాంకులో ఉండి, 2.5 నుంచి 3.5 బార్ వరకు ఒత్తిడితో పెట్రోల్‌ను ముందుకు నెడుతుంది. ఆ ఒత్తిడి మీద ఉన్న పెట్రోల్‌తో చాలా జాగ్రత్తగా ఉండాలి.

ఇక కాకతీయ గారి బండి విషయం. కప్లర్ ఊడదీసి చూస్తే 12.4 వచ్చిందన్న మాట దగ్గరే మీ మెకానిక్ గారి అంచనా దారి తప్పింది. ఊడదీసిన కప్లర్‌లో కరెంటు ప్రవహించదు. మంచి డిజిటల్ మీటరు తన గుండా పోనిచ్చేది ఆంపియరులో పది లక్షల వంతుల లెక్కలోనే ఉంటుంది. దారిలో తుప్పు పట్టిన జాయింటు ఎంత ఉన్నా, అంత కొద్దిపాటి కరెంటుకు అక్కడ వోల్టేజి తగ్గదు. అందుకే మీటరు పూర్తి వోల్టేజి చూపుతుంది. కప్లర్ పెట్టి పంపు తిరగడం మొదలయ్యాక లెక్క మారిపోతుంది. ఇటువంటి పంపులు సాధారణంగా 4 నుంచి 7 ఆంపియర్ల వరకు లాగుతాయి. 5 ఆంపియర్లే అనుకుందాం. దారిలో ఎక్కడో ఒక జాయింటులో 0.6 ఓమ్ నిరోధం ఉంటే 0.6ను 5తో గుణించినప్పుడు 3 వోల్టులు అక్కడే పోతాయి. అంతేకాదు, ఆ జాయింటులో 15 వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడికి జాయింటు ఇంకా వదులై, నిరోధం ఇంకా పెరుగుతుంది. ఉదయం బాగుండి అరగంట తర్వాత ఆగిపోవడానికి ఇదొక్కటే చాలు, పైన మన ప్రాంతపు ఎండ ఉండనే ఉంది.

ఆ 0.6 ఓమ్‌ను మీటరులోని ఓమ్ స్థానంలో పెట్టి పట్టుకుందామనుకున్నా కుదరదు. మీటరు వైర్లకే కొన్ని దశాంశాల నిరోధం ఉంటుంది. కాబట్టి కప్లర్ పెట్టి ఉంచి, ఇంజను నడుస్తుండగా, వైరు వెనుక వైపు నుంచి సన్నటి సూదిని లోపలికి పోనిచ్చి వోల్టేజి చూడాలి. ప్లస్ వైపు ఎంత పోతోందో, ఎర్త్ వైపు ఎంత పోతోందో వేర్వేరుగా కొలవాలి. నా లెక్కలో ఒక్కో వైపు అర వోల్టు దాటి పోతుంటే అక్కడ లోపం ఉన్నట్టే.

జనగామ టీచరమ్మ

నేను వాహనాల విషయం అంతగా తెలియనిదాన్ని. మా బండి కూడా పాతదే కాబట్టి ఆసక్తిగా చదువుతున్నాను. వోల్టేజి ఉండి కూడా పంపుకు అందకపోవడం అన్నది నాకు పూర్తిగా బోధపడలేదు. ఎర్త్ వైపు పోవడం అంటే ఏమిటో కూడా దయచేసి వివరించగలరా?

రామగుండం ఎలక్ట్రికల్

అమ్మా, మన ఊళ్లలో లైను చివర ఉన్న వ్యవసాయ మోటారును గుర్తు తెచ్చుకోండి. మోటారు వేయకముందు స్టార్టరు డబ్బా మీద వోల్టేజి ముల్లు నిండుగా ఉంటుంది. స్విచ్ వేయగానే అది కిందికి పడిపోయి, మోటారు మూలుగుతుంది. లోపం ఆ మోటారులో ఉండదు, తీగ దారిలో ఉంటుంది. మీటరు చూపినది స్విచ్ వేయకముందు లెక్క మాత్రమే.

ఎర్త్ సంగతి ఇదీ. కారులో బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు, రిలేల గుండా పంపు దాకా వైరు ఉంటుంది. తిరుగు దారికి మాత్రం పొడవాటి వైరు వేయరు. పంపు దగ్గరి నల్ల వైరును సమీపంలోని బాడీ రేకుకు ఒక బోల్టుతో బిగిస్తారు. అక్కడి నుంచి బ్యాటరీ మైనస్ దాకా బాడీయే దారి. లోపలికి వచ్చిన కరెంటంతా ఆ ఒక్క బోల్టు గుండానే బయటికి పోవాలి. అక్కడ తుప్పు ఉంటే, ప్లస్ వైపు ఎంత బాగున్నా పంపుకు బలం చాలదు. మనవాళ్లు ఫ్యూజు చూస్తారు, రిలే చూస్తారు, ఎర్త్ బోల్టును మాత్రం చూడరు. నాకు ఎదురైన పాత బండ్లలో ఎక్కువ లోపాలు అక్కడే దొరికాయి.

కాకతీయ చోదకుడు (హనుమకొండ)

పరకాల గారు చెప్పినట్టే చేశాను. ములుగు రోడ్డులో మధ్యాహ్నం బండి ఆగిన వెంటనే కీ ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే, పంపు శబ్దం చాలా నీరసంగా వచ్చింది. ఇంకోసారి అసలే రాలేదు. ఉదయం వినిపించే శబ్దానికీ దీనికీ తేడా స్పష్టంగా తెలుస్తోంది. అదే నంబరు ఉన్న హారన్ రిలేను పంపు రిలే స్థానంలో పెట్టి చూశాను. దానివల్ల ఏ మార్పూ లేదు.

పరకాల మెకానిక్

మంచిది. క్రాంక్ సెన్సార్‌ను, ఈసీయూను ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు. రిలే మారినా రిలే సాకెట్టులోని పిన్నులు వదులుగా ఉండే అవకాశం ఇంకా ఉంది, దాన్ని గుర్తుంచుకోండి.

నడుస్తుండగా వచ్చే లోపాన్ని నిలిపి ఉన్న బండిలో వెతకడం కష్టం. నేను ఇటువంటి బండ్లకు రెండు చిన్న బల్బులు కడతాను. 12 వోల్టుల 5 వాట్ల బల్బులు చాలు. మొదటి బల్బు ఒక కొసను పంపు ప్లస్ వైరుకు, రెండో కొసను పంపు ఎర్త్‌తో సంబంధం లేని వేరే మంచి ఎర్త్‌కు, వీలైతే నేరుగా బ్యాటరీ మైనస్‌కు కలపాలి. రెండో బల్బును పంపు రెండు వైర్ల మధ్యనే కలపాలి. వైరు తీసుకున్న చోటే ఒక్కోదానికి 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, తలుపు అంచు బీడింగు కింది నుంచి వైర్లను ముందుకు తెచ్చి బల్బులను డాష్‌బోర్డు మీద ఉంచండి.

బండి మొరాయించేటప్పుడు రెండు బల్బులూ నిండుగా వెలుగుతూ ఉంటే కరెంటు అందుతోంది, తప్పు పంపుదే. రెండూ మసకబారినా, ఆరినా ప్లస్ దారిలో, అంటే ఫ్యూజు, రిలే, సాకెట్టు, కప్లర్, వైరులో లోపం. మొదటిది నిండుగా ఉండి రెండోది మాత్రమే మసకబారితే ఎర్త్‌లో లోపం. ఇంజను పూర్తిగా ఆగితే ఈసీయూ పంపును ఆపేస్తుంది కాబట్టి రెండు బల్బులూ ఆరిపోతాయి. అది చూసి పొరపడకండి. రోడ్డు ఖాళీగా ఉన్నచోట, బండి గేరులో ఉండి చక్రాలు ఇంజనును తిప్పుతున్నంతసేపూ సెన్సార్ సంకేతం వస్తూనే ఉంటుంది. చూడవలసింది ఆ కుదుపుల సమయంలోనే. బల్బులను చూసే పని పక్క సీటులో కూర్చున్నవారిది. నడిపేవారు చూపును రోడ్డు మీద నుంచి మరల్చకూడదు.

ఫోర్ట్ వరంగల్

ఈ పనులకు దిగే ముందు రెండు జాగ్రత్తలు చెప్పాలి. వెనుక సీటు ఎత్తి కప్లర్‌ను ముట్టే ముందు తలుపులన్నీ తెరిచి, పెట్రోల్ వాసన లేదని నిర్ధారించుకోండి. వాసన ఉంటే ఎలక్ట్రికల్ పని ఆపి, ముందు ఆ లీకేజీని చూడాలి. వైర్లు కలిపే ముందు బ్యాటరీ మైనస్‌ను తీసేయండి. ట్యాంకు మూత దగ్గర ఎక్కడా బ్యాటరీ ప్లస్ వైరును గీకి చూడవద్దు, ఆ నిప్పురవ్వ చాలు.

ఇంకో సందేహం కూడా ఉంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2023 నుంచి బంకుల్లోకి వస్తోంది కదా, ఈ లోపానికి అది కారణం కావచ్చా?

రామగుండం ఎలక్ట్రికల్

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను, సీళ్లను దెబ్బతీయవచ్చు. దాని కోసం తయారుకాని పాత బండిలో ట్యాంకు లోపలి కప్లర్ పిన్నులకు తుప్పు చేరవచ్చు కూడా. అయితే ఎండకు ఆగి, చల్లబడితే కదిలే ఈ తీరుకు అది మొదటి అనుమానం కాదు. పంపు కొత్తదే కాబట్టి ముందు బయటి దారినే చూద్దాం.

పెట్రోల్ గురించి ఒక్క మాట మాత్రం చెప్పాలి. ట్యాంకులోని పంపు చల్లగా ఉండేది దాని గుండా, దాని చుట్టూ ఉండే పెట్రోల్ వల్లనే. 200 రూపాయల పెట్రోల్ పోయించుకుంటూ, రిజర్వు గీత దగ్గరే బండి నడిపే అలవాటు వల్ల కొత్త పంపు ఆయుష్షు కూడా తగ్గుతుంది. ఎండాకాలంలోనైనా పావు ట్యాంకు తగ్గకుండా చూసుకోవాలి.

కాకతీయ గారూ, మీరు మొదట్లో పెట్రోల్ ముల్లు గురించి రాశారు. చాలా బండ్లలో పంపుకూ, మట్టం చూపే ఫ్లోటుకూ ఎర్త్ వైరు ఒకటే ఉంటుంది. అక్కడ వోల్టేజి పోతుంటే ముల్లు తప్పు చూపుతుంది. సంబంధం లేదనుకున్న ఆ ముల్లే మనకు దారి చూపవచ్చు. కీ ఆన్ చేసి, పంపు తిరిగే ఆ రెండు సెకన్లలో ముల్లు ఏదో ఒక వైపు జరిగి, పంపు ఆగగానే తిరిగి వస్తుందేమో గమనించండి.

కాకతీయ చోదకుడు (హనుమకొండ)

బల్బులు కట్టి, తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నర్సంపేట వైపు వెళ్లాం. గీసుకొండ దాటాక బండి కుదుపులు మొదలుపెట్టింది. ఆ సమయంలో మొదటి బల్బు వెలుగు ఏమాత్రం తగ్గలేదు. రెండోది మాత్రం కళ్లెదుటే ఎర్రగా మసకబారిపోయింది. తమ్ముడు ఫోన్‌లో వీడియో కూడా తీశాడు. పెట్రోల్ ముల్లు కూడా మీరు చెప్పినట్టే పంపు తిరిగేటప్పుడు జరుగుతోంది, ఆగగానే వెనక్కి వస్తోంది. ఇప్పుడు ఎర్త్ బోల్టును ఎలా కనుక్కోవాలి? ఏది తెగిందో తెలియకుండా వైర్లు కోయడం నాకు ఇష్టం లేదు.

రామగుండం ఎలక్ట్రికల్

ఒక్క వైరు కూడా కోయవలసిన అవసరం లేదు. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టండి. నల్ల వైరును పొడవైన తీగతో బ్యాటరీ మైనస్ స్తంభానికే కలపండి. ఎర్ర వైరు కొసను, ఇంజను నడుస్తుండగా, మొదట కప్లర్‌లోని పంపు ఎర్త్ పిన్ను మీద, తర్వాత ఆ వైరు చివర బోల్టు కింద పెట్టే లోహపు రింగు, అంటే లగ్గు మీద, తర్వాత బోల్టు తల మీద, చివరగా పక్కనే రంగు గీకిన బాడీ రేకు మీద పెట్టి చూడండి. లగ్గు మీద 3 వోల్టులు ఉండి, రేకు మీద సున్నాకు దగ్గరగా ఉంటే, లోపం ఆ లగ్గుకూ రేకుకూ మధ్యనే ఉన్నట్టు. రేకు మీద కూడా వోల్టేజి ఉంటే బ్యాటరీ దగ్గర బాడీకి పోయే మందపాటి ఎర్త్ పట్టీని చూడాలి. బండి వేడెక్కాకే ఈ కొలతలు తీసుకోండి.

మీ బండికి ఎప్పుడైనా వెనుక భాగంలో డెంటింగ్, పెయింటింగ్ చేయించారా?

కాకతీయ చోదకుడు (హనుమకొండ)

అవును, చేయించాం. వెనుక సీటు కింది రేకుకు తుప్పు పడితే కొంత భాగం అతికించి రంగు వేయించాం. మీ ప్రశ్న చదివాక అక్కడే చూశాను, లోపం అక్కడే దొరికింది.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద 13.6 వోల్టులు ఉన్నాయి. పంపు ప్లస్ వైపు పోతున్నది 0.3 వోల్టులే. ఎర్త్ పిన్ను మీద 3.6 ఉంది. లగ్గు మీద కూడా దాదాపు అంతే. పక్క రేకు మీద మాత్రం సున్నాకు దగ్గరగా వచ్చింది. అంటే పంపుకు నిజంగా అందుతున్నది 9.7 వోల్టులు మాత్రమే. బోల్టు విప్పి చూస్తే, రంగు వేసిన రేకు మీదనే లగ్గును పెట్టి బిగించారు. లగ్గు కింద రంగు పొర, దాని కింద రెడ్ ఆక్సైడ్ పూత ఉన్నాయి. ఇంతకాలం బోల్టు మరల (థ్రెడ్ల) ద్వారానే కరెంటు పోతూ వచ్చింది, ఆ మరలు కూడా తుప్పు పట్టాయి. లగ్గు దగ్గర వైరు పైపొర గోధుమరంగుకు తిరిగి గట్టిపడింది. మా బండిలో సైలెన్సరు పైపు ఆ రేకు కిందనే వెళ్తుంది. అరగంట తర్వాతే బండి ఎందుకు ఆగేదో అది చూశాక అర్థమైంది.

రంగును లోహం కనిపించేదాకా ఎమరీ కాగితంతో గీకి, కాలిన వైరు ముక్కను తీసేసి, కొత్త రాగి లగ్గును క్రింపింగ్ చేయించి (వైరు మీద నొక్కి బిగింపించి), పళ్లున్న వాషరుతో బిగించాం. పైన పెట్రోలియం జెల్లీ రాశాం. ఇప్పుడు ఎర్త్ వైపు పోతున్నది 0.08 వోల్టులు. నిన్న మధ్యాహ్నం ఏసీ వేసుకుని కరీంనగర్ దాకా వెళ్లి వచ్చాం, ఎక్కడా పికప్ తగ్గలేదు. పరకాల గారికి, రామగుండం గారికి మా ఇంటిల్లిపాది తరఫున కృతజ్ఞతలు. తీసేసిన పాత పంపును నేరుగా బ్యాటరీకి కలిపి చూడాలని ఆశగా ఉంది.

ఫోర్ట్ వరంగల్

ఆ పని మాత్రం దయచేసి చేయవద్దు. బయటికి తీసిన పంపులో పెట్రోల్ ఆవిరి మిగిలే ఉంటుంది, గాలితో కలిసిన ఆ ఆవిరికి పంపు లోపలి బ్రష్షుల నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. ఎండబెట్టి నడిపినా తడిలేక పాడవుతుంది. దాన్ని అలాగే పక్కన పెట్టండి.

మంచిర్యాల పాతకారు

రామగుండం గారూ, మీరు రాసింది చదివాక డైరెక్ట్ వైరుతో బండి నడపడానికి మనసు ఒప్పడం లేదు. మా ఇంటి పిల్లలు కూడా ఆ బండిలోనే తిరుగుతారు. పాత పద్ధతికి మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? రిలే సాకెట్టు ఇంకా అక్కడే ఉంది.

రామగుండం ఎలక్ట్రికల్

మంచి ఆలోచన అన్నా, సాకెట్టు ఉంటే పని సులువే. ముందు డైరెక్ట్ వైరును రెండు కొసల దగ్గరా తీసేయించండి. ఒక కొస వదిలేసి టేపు చుట్టడం సరిపోదు. తర్వాత కొత్త రిలే పెట్టండి. చాలా రిలేల మీద 30, 87, 85, 86 అని అంకెలు ఉంటాయి. జపాన్ పద్ధతి బండ్లలో అవి లేకపోతే రిలే మీద గీసిన బొమ్మను చూడాలి. 30 దగ్గర ఫ్యూజు గుండా బ్యాటరీ కరెంటు రావాలి, 87 నుంచి పంపుకు పోవాలి. మిగిలిన రెండూ కాయిల్‌వి. కీ ఆన్ చేసిన ఆ రెండు సెకన్లలో రిలే టిక్కుమని పట్టుకుంటే ఈసీయూ వైపు బాగున్నట్టే. పట్టుకోకపోతే 85, 86ల మధ్య టెస్ట్ ల్యాంపుకు బదులు మీటరు పెట్టి, ఆ రెండు సెకన్లలో 12 వోల్టులు వస్తున్నాయేమో చూడండి. ల్యాంపు లాగే కరెంటును కొన్ని ఈసీయూలు తట్టుకోలేవు. రిలే పట్టుకుంటున్నా పంపు తిరగకపోతే సాకెట్టులోని 30, 87 పిన్నులను చూడండి. డైరెక్ట్ వైరు వేయవలసి వచ్చిందంటే మొదటి లోపం అక్కడే కాలిన పిన్ను రూపంలో ఉండి ఉండవచ్చు. పిన్ను నల్లబడి ఉంటే గీకి పెట్టవద్దు, ఆ వైరుకు తగిన కొత్త పిన్నును క్రింపింగ్ చేయించండి. ఫ్యూజు మాత్రం కంపెనీ పెట్టె మూత మీద రాసి ఉన్న ఆంపియర్లదే వేయించండి, అంతకు పెద్దది వేయవద్దు. పని అయ్యాక ఇంజను నడుస్తుండగా ప్లస్ వైపు, ఎర్త్ వైపు కొలతలు తీసి ఇక్కడే రాయండి, కలిసి చూద్దాం.